జామాయిల్ చెట్టు కొట్టించారట

జిదాఫ్స్, బహ్రెయిన్
జనవరి 2004

అక్సా నాన్నగారికి సుందరి వందనాలు. దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు తప్ప. నేను చూసుకునే మామ్మగారికి దగ్గు. వీళ్ళ గేటు దగ్గరున్న జామాయిల్ ఆకు మరగబెట్టి ఆవిరి పట్టిస్తున్నాను. ఆ వాసనకి మన పెరట్లో ఉన్నట్టే ఉంటుంది. రాత్రి ఆవిడ మంచం మీద, నేను కింద చాప మీద. పొద్దున్నే లేవాలంటే గోడ పట్టుకోవాలి. మన చెట్టు గాలికి ఇంటిమీద పడదు కదా?

ఇట్లు, మీ సుందరి

తా.క. ఫోనులో అన్నిటికీ బాగుంది బాగుంది అంటారు. ఉత్తరంలోనైనా నిజం రాయండి.

జగ్గంపేట
ఫిబ్రవరి

సుందరికి, యెహెజ్కేలు దీవించి రాసేది. చెట్టు కొట్టించేశాను. ఆకు ఊళ్ళోవాళ్ళు పట్టుకుపోయారు, కొమ్మలు పొయ్యిలోకి. మాను మన వడ్రంగి అచ్చిబాబుకి అప్పజెప్పాను. పచ్చిది ఎండకి పగులుతుందని చెరువులో నానేశాడు. నీ పొడవెంతో రాయి. చూసి చాలా కాలమైంది, సరిగ్గా గుర్తులేదు.

యెహెజ్కేలు

తా.క. నాకూ దగ్గు. ఏం లేదులే.

జిదాఫ్స్
మార్చి

అక్సా నాన్నగారికి,

మీ ఉత్తరం చదివినప్పట్నుంచి అన్నం సహించట్లేదు. అచ్చిబాబు సమాధి పెట్టెలు తప్ప ఇంకేం చేశాడండీ? మా నాన్నదీ మీ అమ్మదీ వాడు చేసినవే. ఏం లేని దగ్గుకి మానంతా వాడికెందుకిచ్చారు? డాక్టరేమన్నాడు? పైగా నా పొడవు కూడానా. ఇద్దరివీ ఒకేసారి చేయించేస్తే పనైపోతుందనా? మేడమ్ ముందు ఏడిస్తే, ఖలాస్, వెళ్ళు అని పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. వచ్చేస్తున్నాను. అప్పటిదాకా ధైర్యంగా ఉండండి.

మీ సుందరి

తా.క. నా పొడవుకి దారం కొలిచి ఇందులో పెట్టాను. అడిగాక ఇవ్వకుండా ఎలా?

ఇంకో తా.క. పెట్టె తప్పదంటే మీది కాస్త వెడల్పుగా చేయించండి. మీరు పక్కకి తిరిగి పడుకుంటారు.

జగ్గంపేట
మార్చి

సుందరీ,

దారం అందింది. నేను చేయించింది మంచమే పిచ్చిదానా. చాప మీద పడుకుంటున్నానని నువ్వే రాశావు. ముందే చెబితే ఇప్పుడెందుకని వద్దంటావు. నీ మోకాళ్ళకి తగ్గ ఎత్తులో మంచం కోళ్ళు పెట్టించాను. అచ్చిబాబు చెయ్యి మాత్రం అలవాటు మానలేదు. చుట్టూ గోడలు లేపి, మూత కూడా చేసి తెచ్చాడు. గోడలు కోయించాను. మూతకి కాళ్ళు కొట్టించి దానిమీదే అన్నం తింటున్నాను.

చెట్టు మొద్దు మళ్ళీ చిగురేసింది. ఆ ఆకు ఆవిరికే దగ్గు తగ్గింది. నువ్వు మాత్రం తగ్గలేదనుకునే రా.

నీ యెహెజ్కేలు

తా.క. నీ దారం వచ్చేలోపే గుర్తున్న కొలతకి కోయించేశాను, దారం దానికంటే బెత్తెడు తక్కువుంది. మంచం నీకు కాస్త పొడుగౌతుంది. వెడల్పు మాత్రం నువ్వు చెప్పకముందే ఇద్దరికి పెట్టించాను.