చెవుల్లో దూది

నా చెవులు పోగొట్టింది నువ్వే, మస్తానన్నా. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది కాబట్టి మంచి మాటలు రాస్తాననుకోకు.

సౌండ్ సిస్టమ్‌ల షాపులో నీ కింద పనికి చేరిన కొత్తలో చెవుల్లో దూది పెట్టుకుంటే పీకి పారేశావు. "అమ్మేవాడే చెవులు మూసుకుంటే కొనేవాడు ఎట్టా నమ్ముతాడ్రా?" అన్నావు. ఆ తర్వాత ప్రతి సెట్టూ అద్దాలు అదిరేలా మోగించి అమ్మాం.

ఇవాళ దర్శిలో ఒక మిర్చి వ్యాపారి ఇంట్లో హోమ్ థియేటర్ బిగించాను. రిసీవర్ మీద వాల్యూమ్ మైనస్ ముప్పై అని ఉండటం చూసి ఆయన, "ఇంత పోసి కొంటే మైనస్‌లో పెడతావేందయ్యా? ప్లస్‌లో పెట్టు!" అన్నాడు. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ సౌండ్ పెరుగుతుందని చెప్పి, నాకు హాయిగా వినపడేదాకా పెంచాను. వెనక్కి తిరిగితే వాళ్ళమ్మ రెండు చెవులూ మూసుకుని ఉంది.

"నీకేమన్నా చెవుడా అబ్బాయ్?" అని అరిచింది.

ఎక్కడ ఆపాలో తెలియక ఆవిడ మొహం చూస్తూ తగ్గించాను. ముడిపడిన నుదురు సడలాక ఆపాను.

నువ్వూ అంతే. ఏ ఇంటికెళ్ళినా నాబ్ తిప్పుతూ ముసలివాళ్ళ మొహాలే చూసేవాడివి. పెద్దవాళ్ళంటే గౌరవం అనుకున్నాను. నీకు అప్పటికే సరిగ్గా వినపడదన్నమాట! దూది లేకపోతే ఏమవుతుందో తెలిసే పీకావు.

నాకు సరిగ్గా వినపడదని వ్యాపారి షాపుకి ఫోన్ చేశాడు. సోమవారం ఓనర్ నా చెవులు తనే పరీక్ష చేస్తాడట. తేడా వస్తే పని పోతుంది.

నీ క్షమాపణ నాకక్కర్లేదు. అన్నేళ్ళూ ఓనర్‌కి తెలియకుండా ఎట్టా నెట్టుకొచ్చావో చెప్పు. సోమవారం షాపు తెరిచేలోపు చెప్పు.