అమ్మ కూర్చున్న రాగి రేకు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సుల మీద నాకు నమ్మకం లేదని తెలుసుగా, అందుకని ప్రేమతోనే మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్లు తప్ప బాబాయి కూడా క్షేమమే. నువ్వూ మరదలూ కొత్త ఇంట్లో కుదురుకున్నారని చదివి సంతోషించాను.

గోడలకు ఏ రకం అచ్చుబొమ్మలు కొనాలని అడిగావు. చెక్క మీద చెక్కి, కాగితం మీద అద్దినవి కొను. కూలి చేతుల్నీ ఊరేగింపుల్నీ అంత కరకుగా చెప్పగలిగేది చెక్కే. రాతి మీద గీసి తీసేది మెత్తన, పెన్సిల్ నలుసును కూడా వదలకుండా చూపిస్తుంది. రాగి రేకు మీద గీసి, ఆమ్లంతో కొరికించి తీసేది మరీ సన్నం, దగ్గరికెళ్లి చూడాలి. ఇక కంప్యూటర్లోంచి దిగిన కాపీ కింద సంతకం గిలికి, 'పరిమిత ప్రతులు' అని అమ్మేవాళ్లున్నారే, వాళ్లు నీ చెవిలో పువ్వులు పెడుతున్నారు. మీట నొక్కితే కోటి వచ్చేదానికి పరిమితి ఏమిటి? అచ్చు అంటేనే పదిమందికీ చేరాలని పుట్టిన కళ. దాన్ని కొరత సరుకుగా మార్చి మురిసిపోయే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మంటతోనే, బాబాయి బొమ్మలు అచ్చుతీసే పనిగదికి వెళ్లాను. అమ్మ బొమ్మ కావాలన్నావు కదా. నా గోడ మీదున్నదానికి కాపీ వద్దు, రాగి రేకు నుంచే కొత్తది తీయించమన్నావు. అమ్మ ఉన్నప్పుడు బాబాయి గీసిన రేకు అది. కిటికీ పక్కన కుర్చీలో బయటికి చూస్తూ అమ్మ, వెనక మూసిన తలుపు. అనుకున్నన్ని ప్రతులు తీశాక, అమ్మ మీదుగా అడ్డంగా రెండు గీతలు గీసేశాడు. ఇక తీయనని గుర్తు. ఆ పనివాళ్లందరూ చేసేదే.

"గీత గీసిన రేకుని మళ్లీ మిషన్లో పెట్టకూడదే," అన్నాడు.

"ఎవరికోసం బాబాయ్? కొన్నవాళ్ల ధర పడిపోతుందనా?"

"మొదలెట్టావా ఉపన్యాసం. ధర సంగతి కాదే. గీత గీయడమంటే, కూర్చున్న మనిషికి ఇక లేవచ్చని చెప్పడం. మా గురువు అలాగే అనేవాడు. వదినకి చెప్పేశాను."

"పోయినావిడ లేవడమేమిటి? నీక్కూడా పట్టాయా ఈ పిచ్చి నమ్మకాలు?"

"నీతో వాదించి గెలిచినవాడెవడు? ఆ సిరా ఇటివ్వు."

రేకుకు సిరా పూసి మిషన్లో తిప్పాం. గీతలు కాగితం మీద నల్లగా పడ్డాయి, పడాల్సిన చోటే. వాటి కింద కుర్చీ ఉంది. అమ్మ మాత్రం కుర్చీ పక్కన నిలబడి ఉంది, ఒక చెయ్యి ఇంకా కుర్చీ మీదే ఉంచి. కాగితం జరిగిందన్నాను నేను. బాబాయి మళ్లీ సిరా పూశాడు. ఇంకోటి తీశాం. అమ్మ తలుపు దగ్గరుంది, మనవైపు వీపు పెట్టి. తలుపు మూసే ఉంది. రేకును తుడిచి వెలుతురుకు పట్టి చూశాను. రాగి మీద అమ్మ ఎప్పటిలాగే కూర్చుని ఉంది, గీతల కింద.

"చాలా, ఇంకోటి తీయమంటావా?" అన్నాడు బాబాయి. తీయమనలేకపోయాను.

తమ్ముడూ, ఇంతసేపూ తటపటాయించిన సంగతి ఇది. దెయ్యాల్లేవని వేదికలెక్కి అరిచే నేను, ఇంటికొచ్చి గోడ మీది పాత బొమ్మకేసి చూడటానికి జంకాను. చూశాక భయం కన్నా కోపం ఎక్కువగా వచ్చింది. అమ్మ కుర్చీలోనే ఉంది, కానీ తల నావైపు తిప్పి ఉంది. ఇంట్లోకి ఎవరు అడుగుపెట్టినా ఏం కావాలన్నట్టు చూసేదే, ఆ చూపు. బతికినన్నాళ్లూ ఆవిడ ఊరికే కూర్చోవడం నువ్వెప్పుడైనా చూశావా? ఆ కుర్చీలో కూర్చోవడం కూడా మరిది అడిగిన పనే. కదలకుండా ఉండే పని. దాన్ని విశ్రాంతి అనుకుని గోడకు తగిలించుకున్నాను. పనిగంటల మీద పుస్తకాలు రాసినదాన్ని, జనం హక్కు పేరు చెప్పి మళ్లీ ఆ పనిలోకే దింపబోయాను.

అందుకని నీకు అమ్మ బొమ్మ పంపడం లేదు. కాపీ కూడా తీయించను. కోపం తెచ్చుకుంటే తెచ్చుకో.

ఈ ఉదయం పాత బొమ్మ ముందు నిలబడి, "ఇక లేవచ్చమ్మా," అన్నాను. సిగ్గుపడుతూనే అన్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. బొమ్మలో తలుపు తెరిచి ఉంది. ఇందాకటి నుంచి పక్క గదిలో అడుగులు వినిపిస్తున్నాయి, ఆగి ఆగి. వీధి తలుపు గడియ తీసి ఉంచాను. వెళ్లి చూడాలని ఉంది. పిలవాలని ఉంది. పిలవను. పిలిస్తే ఆగిపోతుంది, ఏం కావాలే అని అడుగుతుంది.

ఇట్లు,
నీ అక్క