బస్సులో తాగిన నీళ్లు

బెంగళూరు, 12-3-2006

అమ్మకు మునిరత్న నమస్కారం. నరాల జబ్బుకు నెలనెలా ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ నిన్న ఎక్కించారు. ఈసారి తలనొప్పి రాలేదు. పోయిన నెల తల పగిలిపోయిందంటే అది మందు తప్పు కాదు. "నీళ్లు తాగద్దు, బస్సు మధ్యలో యాడా నిలపరు" అని నువ్వు పంపితే ఎండిన గొంతుతో వచ్చి మంచమెక్కాను. "ఒంట్లో నీళ్లు లేకుంటే ఈ మందుకు తలనొప్పి వస్తాదమ్మా" అని నర్సమ్మ అప్పుడే చెప్పింది. అందుకే ఈసారి బాగేపల్లి నుంచీ తాగుతూనే వచ్చాను. చిక్కబళ్ళాపురంలో దిగి, "నేను వచ్చేదాకా బస్సు కదిలించద్దప్పా" అని కండక్టరుకు చెప్పి మరీ ఒంటికి పోయివచ్చాను. మందు సీసా కూడా నిదానంగా ఎక్కించారు.

నల్లావు ఈనిందా? చెల్లి చైత్ర సరిగా తింటోందా? దానికి నా దీవెనలు. శనివారం నన్ను తీసుకుపోవడానికి వచ్చేటప్పుడు నువ్వూ కడుపునిండా నీళ్లు తాగి బస్సెక్కు. కండక్టరుకు నా పేరు చెప్పు, నిలుపుతాడు.