కుసుమ నడిపిన పడవ

కళింగపట్నం,
జూలై 6

ప్రియమైన రేఖా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇంట్లో ఏ మూల మాట్లాడినా కుసుమకు వినబడుతుంది. దాని గురించి దాని ముందే మాట్లాడటం నాకిష్టం లేదు.

నువ్వొచ్చి నా కూతురి తలకు ఆ తీగల టోపీ పెట్టి, "కుడిచేతి గుప్పిట మూసినట్టు మనసులో అనుకోమ్మా, పడవ కదుల్తాది" అన్నప్పుడు నేను నమ్మలేదు. తొమ్మిదేళ్లొచ్చినా చెయ్యి కదపలేని, మాట రాని పిల్ల. తెర మీద పడవ కదిలేసరికి మా అత్త దానమ్మ వీధంతటినీ పిలిచింది: "నా మనవరాలు బుర్రతోనే పడవ తోలేసినాది, సూద్దురు గాని రండర్రా!" మా ఆయన గంగులు రేవులో కనబడ్డవాళ్లందరికీ అదే కబురు చెబుతున్నాడు.

నువ్వు వదిలి వెళ్లిన ఆట పెట్టె, టోపీ భద్రం. రోజూ ఆడిస్తున్నాను. రోజూ పడవ ఒడ్డు చేరుతోంది. ఈసారి వస్తే రెండు రోజులుండాలి.

నీ నీలవేణి

విశాఖపట్నం,
జూలై 15

ప్రియమైన నీలవేణీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ రోజు పడవను నడిపింది కుసుమ కాదు.

నేను తయారుచేసిన ఈ ఆటలో ఓడిపోతే పిల్లలు మళ్లీ దాన్ని ముట్టుకోరని నాకు భయం. అందుకే టోపీకి ఏమీ అందకపోతే ఇరవై సెకన్లకు పడవ తనంతట తానే కదిలేలా పెట్టాను. మీవాళ్లందరూ చప్పట్లు కొడుతుంటే ఆ మాట చెప్పడానికి నోరు పెగల్లేదు. మీ ఇంట్లో ఆడిన ఆటల లెక్కలు ఇంటర్నెట్‌లో నాకు అందుతాయి, నిన్న చూశాను. ఒక్కసారి కూడా కుసుమ సంకేతం అందలేదు.

దానికి చేతకాదని కాదు. మెదడు నుంచి వచ్చే సంకేతం చాలా సన్నం. అది పంపడం పిల్ల నేర్చుకోవాలి, పట్టుకోవడం టోపీ నేర్చుకోవాలి. కొందరికి ఎంతకీ కుదరకపోవచ్చు కూడా.

తిట్టాలనిపిస్తే తిట్టు.

రేఖ

కళింగపట్నం,
ఆగస్టు 2

రేఖా,

ఇన్నాళ్లూ రాయనిది కోపంతోనే. గంగులుకు చెబితే, "మన పిల్లని బొమ్మలాగ కూకోబెట్టి ఆడించినారేటి?" అని అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

నిన్న కుసుమ పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. "అమ్మా, ఆ పడవ నువ్వు తోల్లేదంట. దానంతటదే ఎల్లిపోనాదంట. నీకు తెల్సా?"

కుసుమ రెప్పలు గట్టిగా మూసి తెరిచింది. అవునంటే అలాగే చేస్తుంది. కాదంటే ముఖం తిప్పేస్తుంది.

మొదటి రోజు నుంచీ దానికి తెలుసు రేఖా. అందరూ చప్పట్లు కొడుతుంటే గోడ వైపు చూసింది. సిగ్గనుకున్నాం.

"సాయం లేకుండా ఆడతావేటి?" అన్నాను. మళ్లీ రెప్పలు మూసింది. ఆ ఏర్పాటు తీసెయ్. కదలకపోతే కదలదు.

నీలవేణి

విశాఖపట్నం,
ఆగస్టు 7

ప్రియమైన నీలవేణీ,

ఇక్కణ్ణుంచే తీసేశాను. ఇకమీదట పడవ కదిలిందంటే కుసుమ కదిపినట్టే. ఇంకొకటి కూడా దాచాను. దారికి అడ్డంగా రాయి వచ్చినప్పుడు గుప్పిట తలపు మాని ఆపకపోతే, పడవ దానికి కొట్టుకుని మునిగిపోవాలి. పిల్లలు బాధపడతారని అదీ లేకుండా చేశాను. ఇప్పుడు మునుగుతుంది.

కుసుమను నా తరఫున క్షమించమని అడుగు.

రేఖ

కళింగపట్నం,
సెప్టెంబరు 4

ప్రియమైన రేఖా,

మూడు వారాలకు పైగా పడవ అంగుళం కదల్లేదు. చాల్లే అని టోపీ తియ్యబోతే కుసుమ ముఖం తిప్పేసేది.

నిన్న అత్త చేపలు ఎండబెట్టడానికి వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. నేను చింతపండు పిసుకుతున్నాను. కుసుమ పెద్దగా అరిచింది. చూస్తే పడవ జానెడు ముందుకొచ్చింది. ఆగింది. మళ్లీ కదిలింది. నేరుగా వెళ్లి రాయికి కొట్టుకుని మునిగిపోయింది.

ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది రేఖా! కుర్చీ ఊగిపోయేలా నవ్వింది.

సాయంత్రం గంగులు పక్కనే కూర్చుని, "ఓలమ్మా, అక్కడ ఆపాల! ఆపీ, ఆపీ!" అని ఒకటే అరుపులు. కుసుమ ఓరకంట వాళ్ల నాన్నను చూసి, ఆపకుండా తోలి మళ్లీ ముంచింది. "కావాల్నే ముంచేత్తన్నాది సూడే!" అన్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

నీ క్షమాపణ సంగతి అడిగాను. చాలాసేపు నన్నే చూసి, చివరికి రెప్పలు మూసింది. ఇంకా రాళ్లు కావాలా అని అడిగితే మాత్రం వెంటనే మూసింది. కాబట్టి పెద్దవి చూసి పెట్టు.

నీ నీలవేణి