తెలిసి చెప్పిన తప్పు

శుక్రవారం రాత్రి, బహ్లా

ఈ పరాయి దేశంలో నేను పనిచేసే సైట్‌లోనే ఫోర్‌మన్ పనికి నాకు ఇంటర్వ్యూ ఉందని, ఇంటి దగ్గరున్న బిడ్డ ఇవాళ కూడా ఫోన్‌లో ఇంగ్లీషు పాఠం చెప్పింది.

"బాపూ, నిన్న తిన్ననంటే 'ఐ ఏట్ యెస్టర్డే' అనాలె. ఎప్పుడు తిన్నవో చెప్పకుంటే 'ఐ హావ్ ఈటెన్' అనొచ్చు."

మొదటిసారే అర్థమైంది. అయినా "ఐ హావ్ ఈటెన్ యెస్టర్డే" అన్నాను. ఓపిగ్గా మళ్లీ చెప్పింది. మళ్లీ అదే తప్పు చెప్పాను. రూమ్‌లో వాళ్లు నవ్వారు, నవ్వనీ. పాఠం అయిపోతే ఫోన్ పెట్టేస్తుంది, మళ్లీ శుక్రవారం దాకా దాని గొంతు వినపడదు.

దానికీ పరీక్షలున్నాయి. చదువు చెడగొడుతున్నానేమో...

పెట్టేసే ముందు మెల్లగా అంది: "నీకు ఎప్పుడో సమజైంది, నాకెర్కే బాపూ. ఇంటర్వ్యూల మాత్రం గిట్ల చెప్పకు. వచ్చే శుక్రారం మళ్ల గిదే పాఠం."