ఇసుకలో ఉయ్యాల

పేరమ్మా,

బొగ్గుల కోసం సూళ్లూరుపేట పోతున్నాను. పొద్దుగూకే లోపల వస్తాను. చేపల తట్ట దించగానే అలవాటుగా వాకిట్లో నీళ్లు చల్లొద్దు. పొద్దున నువ్వు చేపలకు పోయాక, బెండుతో చెక్కిన మన మొక్కు ఉయ్యాలను మూలనున్న ఇసుక తొట్టిలో పూడ్చి తాటాకు కప్పాను. తడి ఇసుకలో కరిగించిన సత్తు పోస్తే ఎగజిమ్ముతుంది. పోయినసారి ఉయ్యాల నీ నీళ్లకే పాడైంది. అడిగితే, "ఇసకలో ఉయ్యాలుందని నాకేమన్నా కలొచ్చిందా?" అని నా మీదికే లేచావు. అందుకే ఈసారి ముందే రాసిపెడుతున్నాను.

రేడియో పెట్టెలో వచ్చిన తెల్ల బెండు దీంతో అయిపోయింది. ఇది పాడైతే మళ్లీ చెక్కలేను. సత్తు పోయగానే బెండు మండి మాయమవుతుంది, దాని చోట సత్తు ఉయ్యాల నిలుస్తుంది. "ఏం మాల్యాద్రీ, బెండు నాటి ఉయ్యాల మొలిపిస్తావా?" అని చోటే సాహెబన్న నవ్వుతున్నాడు. నవ్వనీ. మనింట్లో ఉయ్యాల కట్టాల్సిన దూలం ఇన్నేళ్లుగా ఖాళీగానే ఉంది. చెంగాళమ్మ తల్లి వెండి ఉయ్యాలలకే పలుకుతుందా? సత్తు ఉయ్యాల కట్టేవాళ్ల గోడు వినదా? వింటుందనే నా మనసు చెబుతోంది.

పాత సత్తు గిన్నెను తడి లేకుండా తుడిచి ఎండలో పెట్టు. కరిగించేది దాన్నే.

మాల్యాద్రి

మరిచాను. మెత్తగా ఉందని నువ్వు నొక్కి చూసినచోట బెండు మీద నీ బొటనవేలి గుంట పడింది. దాన్ని చెక్కేయలేదు. సత్తులోనూ అట్లాగే వస్తుంది. అడిగింది ఎవరో తల్లికి తెలియాలి కదా.