అలమరలో మోతీ

ఆదివారం రాత్రి, మాయాబందర్

పోయిన మా కుక్క మోతీని పడౌక్ చెక్కతో చెక్కి, అలమరలో ముందు వరసలో పెట్టుకున్నాను. డిగ్లీపూర్ నుంచి వచ్చిన ఆడపడుచు ఆ బొమ్మను తీసి స్టీలు గిన్నెల వెనక్కి నెట్టేసింది.

"దేవుడి బొమ్మలెట్టే చోట ఈ కుత్తా ఏటి?" అంది.

"వదినా, ఆ తుఫాన్లో మోతీ ఒడ్డున మొరగబట్టే మీ తమ్ముడు పడవ ఇటు తిప్పేరు. దీనికంటే ముందు ఎవర్ని పెట్టమంటారు?" అన్నాను.

ఆవిడ భోంచేయకుండానే బస్సెక్కింది. అత్తగారికి ఏమని చెబుతుందోనని గుబులుగానే ఉంది. అయినా బొమ్మను మళ్ళీ ముందుకే జరిపాను.

ఆయన వలలు విప్పి వచ్చి, చాలాసేపు దాన్నే చూశారు.

"ఎడం చెవి కొంచెం వంగుండేది కదా," అన్నారు.

చెవి సరిచేస్తాను. అక్కణ్ణుంచి మాత్రం తీయను, ఎవరొచ్చి చెప్పినా సరే.